ఫైరింజను తొండాన్ని పట్టుకున్న నుయ్యి

నీట నగ్నిని నణగించు నేర్పు నిచ్చి
రేయి భయములఁ బాపెడు రేడ వగుచు
వినెడి జనులకు నవ్వుల విందు సేయ
వరుణ దేవుడ! నీకివె వందనములు.

అగ్నికీ వరుణునికీ నడుమ రేయింబవళ్ళు నలిగే ఉద్యోగులు కొందరున్నారు. వారే అగ్నిమాపక దళం వారు. ఆ దళంలో బండి తోలుతూ, దాని పంపు నడిపే తాతారావు కథ ఇది. రాయగడ జిల్లాలో, కొల్నార దారిన ఉన్న ఒక చిన్న పట్టణంలో, మొన్నటి మార్గశిరంలో జరిగింది. నాకు చెప్పినవాడు ఆ రాత్రి అతని పక్కనే ఉండిన ఫైర్‌మన్ తోమాసు. అతను చెప్పిన వరసలోనే విన్నవిస్తాను.

ఆ ఊరు దాటగానే కుడిచేతి వైపు పాడుబడిన మేడ ఒకటుంది. నూనె వర్తకులు కట్టుకున్నది. వారు విజయనగరం తిరిగి వెళ్ళిపోయి ఏళ్ళు గడిచాయి. మేడ వెనక నుయ్యి.

ఆ నూతికి చెడ్డపేరు.

చీకటి పడ్డాక అందులో చేద వేస్తే... అది పైకి రాదట. లోపలినుంచి ఎవరో పట్టుకుంటారట. గట్టిగా లాగితే తాడు తెగదు — లాగినవాడి ధైర్యం తెగుతుందట. పక్కనున్న తెరుబలి ఊరి కర్మాగారంలో కొలుముల దగ్గర నిప్పుకు జంకని కార్మికులు సైతం, రాత్రి ఆ మలుపు వచ్చేసరికి సైకిలు గంట మోగించరు. తల పక్కకు తిప్పరు.

ఇక ఆ పట్టణపు స్టేషన్లో ఉన్న ఫైరింజను ఒక్కటే. రక్తవర్ణపు మేను, మూపున నిచ్చెన, నెత్తిన తిరుగుడు దీపం, కడుపులో నాలుగున్నర వేల లీటర్ల నీరు పట్టే తొట్టి. పక్కన కట్టి ఉండే లావుపాటి నల్లని గొట్టమే దాని తొండం. ఆ తొండాన్ని చెరువులోనో నూతిలోనో దించి పంపు తిప్పితే, దప్పిగొన్న గజరాజు వలె నీరు పీల్చి తొట్టి నింపుకుంటుంది.

తొండం కొసకు ఇనుప జల్లెడ ఉంటుంది. దానికి చెత్త తగులుకోకుండా పైన వెదురుబుట్ట ఒకటి తొడగాలని నియమం. ఆ బుట్టను స్టేషన్లో వంట చూసే మనోరంజన్ ఉల్లిపాయలకు వాడుకుంటున్నాడు. గాలి బాగా ఆడుతుంది, ఉల్లి కుళ్ళదు అని అతని వాదన. ఎవరూ కాదనలేదు.

ఫైరింజను ఖాళీ కడుపుతో నిలబడరాదు — ఇది ఆ శాఖలో వేదవాక్యం. ఆ సాయంత్రం అది గడ్డివాముల మంట ఆర్పి, ఉన్న నీరంతా ధారవోసి తిరిగివచ్చింది. తీరా చూస్తే స్టేషన్ బోరు మోటారు కాలిపోయి ఉంది. మర్నాడు ఉదయం ఆరింటికి కోరాపుట్ నుంచి పెద్దాఫీసరు మహేశ్వరరావుగారు తనిఖీకి వస్తున్నారు.

తాతారావుకు అప్పటికే రెండు మెమోలు. సంతలో కూరగాయలు కొనుక్కోవడానికి సైరన్ మోగించి దారి చేసుకున్నందుకు ఒకటి. స్టేషన్ వెనక ఆనపపాదుకు మంటలార్పే గొట్టంతో నీళ్ళు పెట్టినందుకు రెండోది. పాదు గోడ దాటి వెళ్ళిపోయింది. మూడో మెమో వస్తే కొండలవతల స్టేషన్‌కు బదిలీ తప్పదని ముందే చెప్పేశారు. కూతురు బిందుశ్రీకి ఫిబ్రవరిలో పదో తరగతి పరీక్షలు.

రాత్రి రెండయింది. తొట్టి మీద తడితే డోలు వలె మోగుతోంది.

"ఏటి సేద్దాం అన్నా?" అన్నాడు తోమాసు.

"ఏటుంది సెయ్యడానికి! తెల్లారితే పెట్టీబేడా సదురుకోడవే."

"మేడెనక నుయ్యుంది కదా."

తాతారావు ఉలిక్కిపడి చుట్టూ చూశాడు. "రాత్రేళ దాని పేరెత్తకురా!"

"సరే, ఎత్తను. మరి మెమో పేరెత్తనా?"

బండి కదిలింది. సైరన్ లేదు. పొగమంచులో ముందు దీపాలు రెండు బారల దూరం కూడా చూపడం లేదు. మేడ మలుపు దగ్గర తాతారావు వేగం తగ్గించాడు... ఇంకా తగ్గించాడు...

"అన్నా, దీనికన్నా నడిసెళ్తే తొందరగా ఎల్తాం."

"ఒరే, నాను ఆంజనేయస్వామిని పిలిసేను. నీ దేవుణ్ణి కూడా పిలు. ఇద్దరుంటే మంచిది."

"ఎప్పుడో పిలిసేను. నువ్వు ముందెళ్ళు, ఎనకాల నానొస్తానన్నాడు."

నూతి గట్టు పక్కన బండి నిలిపారు. తిరుగుడు దీపం ఎర్రని వెలుగు ఒక చుట్టు మేడ గోడల మీద, ఒక చుట్టు నూతి మీద పడుతోంది. నీరు పైకే ఉంది. నల్లగా ఉంది. తొండం దించారు. తాతారావు పంపు తిప్పాడు.

గుడగుడమని శబ్దం. తొట్టిలో నీటి చప్పుడు. ఒక నిమిషం... రెండు నిమిషాలు... తాతారావు ముఖం మీద కాస్త రంగు వచ్చింది.

అప్పుడు — తొండం ఒక్కసారి ఎగిరిపడింది!

పంపు మూలిగింది. నీరు ఆగింది. గొట్టం బిగుసుకొని వణుకుతోంది... లోపల ఎవరో రెండు చేతులా పట్టుకున్నట్టు.

తాతారావు పంపు ఆపాడు. గొట్టం మెత్తబడింది. మళ్ళీ తిప్పాడు... మళ్ళీ బిగిసింది. ఆపాడు... వదిలింది.

"సూసేవా?" అతని గొంతు కీచుమంది. "తిప్పితే పట్టుకుంటంది. ఆపితే వదిలేస్తంది. మనతో ఆడుకుంటందిరా!"

తొట్టి పావు వంతే నిండింది. మూడయింది.

"పైకి లాగి సూద్దాం అన్నా. జల్లెడకేదో అడ్డం పడుంటాది."

"అడ్డం పడింది మనిషైతే?"

"మనిషైతే మాటాడదా?"

ఇద్దరూ చెరొక పట్టు పట్టి లాగారు. గొట్టం బరువుగా ఉంది. ఉండవలసిన దానికంటే బరువుగా ఉంది... ఒక్కొక్క మూర పైకి వచ్చింది... గట్టు అంచుకు కొస చేరింది... ఎర్రని వెలుగు తిరిగి తిరిగి సరిగ్గా అక్కడ పడింది.

పసుపు చీర. ఎర్రంచు. కొంగు నీరు కారుతూ, మెడ వాలిన ఆడమనిషి వలె... జల్లెడను కౌగిలించుకొని వేలాడుతోంది.

తాతారావు ఒక్క గెంతులో బండి ఎక్కి తలుపు వేసుకున్నాడు. ముడుచుకొని కూర్చున్న చోట మైకు ఉంది. దాని మీట అతని మోచేతి కింద నొక్కుకుంది. జనాన్ని పక్కకు తప్పుకోమని చెప్పే లౌడుస్పీకరు, ఆ నిశిలో, కొండలు మారుమోగేలా ఏడ్చింది —

"అమ్మో... వదిలెయ్యి తల్లీ...!"

తోమాసు అప్పటికి బండి కింద ఉన్నాడు. దాక్కోలేదనీ, చక్రం చూస్తున్నాననీ నాతో రెండుసార్లు చెప్పాడు.

అంతలో గోడ అవతల చిన్న దీపం కదిలింది. వణికే ఆడగొంతు ఒకటి పొగమంచులోంచి పలికింది:

"ఏటమ్మా... సీర నచ్చలేదా?"

లౌడుస్పీకరు గడగడలాడింది. "సీరొద్దు తల్లీ... నాకు నీళ్ళు... నీళ్ళు కావాలి..."

"నీళ్ళా!" దీపం ఆగింది. "నూతిలోనే ఉండి నీళ్ళడుగుతావేటే అమ్మా?"

"ఆరు గంటలకల్లా కావాలి! లేకపోతే కొండలవతలకి పంపేస్తారు!"

"నిన్ను పంపీసేదెవడే! నాను బతికుండగా!"

"పెద్దాఫీసరు!"

దీపం ఒక అడుగు ముందుకు వేసింది.

"మీ లోకంలో కూడా ఆఫీసర్లున్నారేటమ్మా?"

తోమాసు బండి కిందినుంచి తొంగిచూశాడు. ముందుగా అతనికి కనబడినవి పాదాలు. రబ్బరు చెప్పుల్లో, ఒకటి నీలం, ఒకటి ఆకుపచ్చ. అతను ఆ పాదాల కొసలను పరీక్షగా చూసి, గట్టిగా అరిచాడు:

"అన్నా! ముందుకే ఉన్నాయి! మనిషే!"

వచ్చింది సూర్యకాంతమ్మ. గోడ అవతల పెంకుటింట్లో ఉండే ముసలామె. ఆ వర్తకులకు దూరపు చుట్టం. విషయం ఇదీ. ఎన్నో ఏళ్ళ కిందట ఆ ఇంటి పెద్దకోడలు నీళ్ళు తోడుతూ కాలుజారి ఆ నూతిలో పడి, పసుపు కుంకుమలతోనే కన్నుమూసింది. ఆ ఇంటివారికి ఆమె దెయ్యం కాదు, పేరంటాలు, కొలుచుకునే తల్లి. వారు ఊరు విడిచినా సూర్యకాంతమ్మ ఆ కొలుపు విడవలేదు. ఏటా మార్గశిరం కడపటి లక్ష్మివారం నాడు, పొద్దు గూకే వేళ, చేటలో చీర పెట్టి నీటి మీద వదులుతుంది. చేట మునుగుతుంది. చీర నీటిలో విచ్చుకుంటుంది. ఆ పొద్దు అదే లక్ష్మివారం. ఆ తరువాత ఎవరు చేద వేసినా... ఏం జరుగుతుందో వేరే చెప్పనక్కరలేదు.

వెదురుబుట్ట ఉండవలసిన చోట ఉండి ఉంటే, చీర జల్లెడ దరికి వచ్చేది కాదు. అది ఉల్లిపాయల సేవలో ఉంది.

సూర్యకాంతమ్మ చీరను జల్లెడనుంచి విడదీసి, పిండి, భుజాన వేసుకుంది. అప్పుడు ఆమెకు కోపం వచ్చింది.

"ఇచ్చిన సీర లాగేసుకుంటారేట్రా? మీ ఇంటాడదాని సీరైతే ఇలాగే లాగుతార్రా?"

తాతారావు బండి దిగి చేతులు కట్టుకున్నాడు. బదిలీ సంగతి, బిందుశ్రీ పరీక్షల సంగతి చెప్పుకున్నాడు. ఆమె అతన్ని ఎగాదిగా చూసింది.

"ఇందాక మైకులో తల్లీ తల్లీ అని ఏడిసింది నువ్వేనా?"

"నానే అమ్మా."

"ఉండు."

ఇంట్లోకి వెళ్ళి కోళ్ళను మూసే గంప తెచ్చింది. కింద ఉన్న కోడిపెట్ట తెల్లబోయి నిలబడి ఉంటుంది. ఆ గంపను జల్లెడకు తొడిగి, తాడుతో కట్టి, నూతిలో దించారు. పంపు తిరిగింది. తొండం బిగుసుకోలేదు. ఐదింటికి తొట్టి పొంగి పొర్లింది. అప్పుడు ఆమె చీరను మళ్ళీ నీటిలో వదలగా, తాతారావు, తోమాసు మడమలు కలిపి సెల్యూట్ చేశారు. ఏ దేవతకు ఏ మర్యాద తగునో ఎవరికి తెలుసు. వారికి తెలిసిన మర్యాద అది.

ఆరింటికి మహేశ్వరరావుగారు వచ్చారు. తొట్టి చూశారు — నిండుగా ఉంది. గంట, నిచ్చెన చూశారు. తొండం దగ్గర ఆగారు. దాని కొసన కోళ్ళగంప. గంపకు రెండు ఈకలు.

"ఇది ఏమిటి?"

తాతారావు ఈకలు రెండూ పీకి జేబులో వేసుకున్నాడు.

"వెదురుబుట్ట ఏది?"

వంటగదిలోంచి మనోరంజన్ బుట్టను వెనక దాచుకొని వచ్చాడు. ఒక ఉల్లిపాయ దొర్లి ఆఫీసరుగారి బూటు దగ్గర ఆగింది. ఆయన జేబులోంచి పెన్ను తీశారు. మూత విప్పారు. మూడో మెమోకు కాగితం మడత సరిచేశారు...

"నా గంపేదిరా?" అంటూ సూర్యకాంతమ్మ గేటు లోపలికి వచ్చింది.

"ఎవరమ్మా నువ్వు?" అన్నారు ఆఫీసరుగారు.

"నూతి తాలూకు మనిషిని. మీవోళ్ళు రాత్రి మా పేరంటాలమ్మ దగ్గర నీళ్ళు తీసుకున్నారు. బాబూ, ఆ తల్లి పేరు సెప్పి పారిపోయినోళ్ళనే సూసేను ఇన్నాళ్ళూ. మైకు పెట్టి, ఊరంతా ఇనేలాగ, 'తల్లీ, నాకు నీళ్ళు కావాలి, ఆరింటికల్లా కావాలి' అని అడిగినోడు ఈ బాబొక్కడే. అడిగేడు. ఇచ్చింది. బదిలీ కూడా తప్పిస్తాది, సూస్తుండు."

మహేశ్వరరావుగారు తొట్టి వంక చూశారు. తాతారావు వంక చూశారు. పెన్నుకు నెమ్మదిగా మూత పెట్టారు. తనిఖీ పుస్తకంలో రాసింది ఒక్క వాక్యం: నీటి సేకరణలో స్థానికుల సహకారం మెచ్చదగినది.

తరువాత ఆమెను గేటు చాటుకు పిలిచారు. గొంతు బాగా తగ్గించారు. గంప విప్పుతున్న తోమాసు చెవికి మాత్రం అంతా వినిపించింది.

"అమ్మా... మా పిల్లలు భువనేశ్వర్లో చదువుకుంటున్నారు. నేను కోరాపుట్లో ఒక్కణ్ణే పడి ఉన్నాను. మూడేళ్ళుగా బదిలీకి అర్జీలు పెడుతున్నాను... ఆ తల్లి పై ఆఫీసు పనులు కూడా చూస్తుందా?"

సూర్యకాంతమ్మ ఆయన భుజం మీది నక్షత్రాలను ఒక్కొక్కటే లెక్కపెట్టింది.

"నీళ్ళకైతే నూలుసీర సరిపోయింది బాబూ," అంది. "భువనేశ్వర్ అంటే... పట్టుసీర అవుతాది."

ఈ కథ చదివినవారికీ, చదివించినవారికీ, చెవి ఒగ్గి విన్నవారికీ ఇంట నిప్పు పొయ్యిలోనే ఉండుగాక! నూతిలో నీరు నిండుగా ఉండుగాక! రాత్రివేళ దారిన పోయేవారికి ఎదురైన పాదాలన్నీ ముందుకే ఉండుగాక! స్వస్తి.