మూడో అంకానికి ఒక దిండు

ఏజెంట్ కుర్ట్ తన హోటల్ గదిలో కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. బల్లమీద కాఫీ ఇంకా వెచ్చగానే ఉంది. తొడ వెనక ఒక చిన్న సూదిగాటు తప్ప ఒంటిమీద మరో గుర్తు లేదు.

ఆ మధ్యాహ్నమే పశ్చిమ జర్మనీ గూఢచారి సంస్థ చీఫ్ ఒటీలియ, ఏజెంట్ లోరెంజ్‌ని తన కారులోకి పిలిచింది.

"కుర్ట్ పని ఇక నీది. తూర్పు జర్మనీ నుంచి పారిపోయి వచ్చిన డాక్టర్ టోస్ ఇవాళ ఒపెరాకి వస్తున్నాడు. మన ఆఫీసుల్లో దూరిన ముగ్గురు తూర్పు గూఢచారుల పేర్లు ఆయన బుర్రలోనే ఉన్నాయి. రేపు రాజధాని బాన్‌లో చెప్తాడు. అందాకా బతికుండాలి."

"ప్రాణం మీదికొస్తే పాటలేమిటి మేడమ్?"

"ఈ ఒపెరా చూస్తేగానీ నోరు విప్పనని మొండికేశాడు. పక్కన ఇరెనా ఉంటుందిలే."

ఇరెనా రెండు వైపులా జీతం తీసుకునే మనిషి. ఆమె మనసు మనవైపేనని ఒటీలియ నమ్మకం. డబుల్ ఏజెంటుని ప్రేమించకూడదన్నది డిపార్ట్‌మెంట్ రూలు. ఆ రూలుని లోరెంజ్ రెండేళ్లుగా తుంగలో తొక్కుతున్నాడు.

పెట్టుడు మీసంతో, కఫ్ బటన్‌లో మైకుతో, ద్రాక్షసారా వ్యాపారి వేషంలో అతను హాల్లో అడుగుపెట్టాడు. అక్కడివన్నీ చెక్క కుర్చీలే. వచ్చేవాళ్లంతా ఎవరి దిండు వాళ్లు తెచ్చుకుంటారు. వరసల మధ్య దారులు లేవు కనక, నడిమి సీట్లవాళ్లు వచ్చి చేరేదాకా వరసంతా లేచి నిలబడుతుంది. దీపాలు ఆరితే తలుపులకు తాళాలు పడతాయి. ఇక అంకం అయ్యేదాకా చీమ కూడా బయటికి పోదు.

వేదికమీద రాజుగారి చెల్లెలు తన అన్నని చంపిన ఖైదీని ప్రేమించింది. రెండు అంకాలు ఆ ప్రేమ గుట్టుగా సాగింది. విరామంలో తోటలో సాసేజ్ తింటున్న లోరెంజ్ పక్కకి ఇరెనా వచ్చింది.

"మీసం ఊడుతోంది, షావుకారుగారూ."

"అంటించేవాళ్లు లేక."

"రేపు నేను అంటిస్తాలే."

ఆ ఒక్కమాటకి అతని గుండె కరిగిపోయింది. బుద్ధి మాత్రం ఎందుకో ఒప్పుకోలేదు.

మూడో అంకానికి రమ్మని బాల్కనీ మీద బాకాలు మోగాయి. పన్నెండో వరస మధ్యలో డాక్టరు, ఇరెనా. పదమూడో వరస చివర లోరెంజ్. రెండు అంకాలూ ఎర్ర మఖమల్ దిండుని చంటిపిల్లలా పట్టుకు తిరిగిన ఇరెనా చేతులు ఇప్పుడు ఖాళీగా ఉన్నాయి. ఆ దిండు డాక్టరు సీటుమీద ఉంది.

"నా నడుంనొప్పికి ఎంత దయ తల్లీ!" అంటూ డాక్టరు వంగుతున్నాడు.

లోరెంజ్‌కి కుర్ట్ తొడ వెనక సూదిగాటు గుర్తొచ్చింది. అరిస్తే ముసలాయన అదిరిపడి దానిమీదే కూలబడతాడు. ఒక్క గెంతులో పన్నెండో వరస చివరికి చేరాడు.

"క్షమించాలి! నా సీటు మధ్యలో!"

సణుక్కుంటూ వరసంతా లేచింది. సగం కూర్చున్న డాక్టరు కూడా చిన్నప్పటి ఒపెరా అలవాటు కొద్దీ చటుక్కున నిలబడ్డాడు.

లోరెంజ్ దిండు తీసి ఇరెనా సీటుమీద పెట్టాడు. దాని అంచు మాత్రం వదల్లేదు. ఆమె వంగితే లాగేద్దామని. ఆమెకేమీ తెలియదని తేలేలా వంగాలనే కోరుకున్నాడు, పాపం.

"కూర్చో, ఇరెనా."

దీపాలు ఆరాయి. తాళాలు పడ్డాయి. ఆమె కదల్లేదు.

"టికెట్ కొని నిలబడే చూస్తావా అమ్మాయ్?" వెనకనుంచి ఓ ముసలావిడ విసనకర్రతో పొడిచింది. "కూర్చో!"

"తలుపు తీయించు, లోరెంజ్," అంది ఇరెనా.

"అంకం అయ్యేదాకా తీయరు. నీకూ తెలుసు."

కఫ్ బటన్‌లోకి గుసగుసగా చెప్పాడు. "మేడమ్, తలుపు బయట ఉండండి. హంతకురాలు మన ఇరెనాయే."

దిండుని చంకలో జాగ్రత్తగా ఇరికించుకుని, ఆమెని కుర్చీల మధ్య నేలమీద కూర్చోబెట్టి, తనూ కూలబడ్డాడు. వేదికమీద ఖైదీని ఉరికి తీసుకుపోతున్నారు. అంకమంతా లోరెంజ్ ఆమె మణికట్టు వదల్లేదు. చూసినవాళ్లు ప్రేమికులనుకుని ఉంటారు. అనుకోవడంలో సగం నిజమే. అదే అతన్ని కోసేస్తోంది.

మర్నాడు బాన్‌లో డాక్టరు మూడు పేర్లూ చెప్పాడు. అంతకుముందు మాత్రం, మూడో అంకం పాడుచేసిన మీసాల వ్యాపారి ఎవడో పట్టుకుని ఆ హాల్లోకి జన్మలో రానివ్వొద్దని ఫిర్యాదు చేశాడు.