జరగని సమావేశానికి మినిట్స్

ఉదయం పది గంటలకు ఒక అమ్మాయి పత్రిక ఆఫీసులోకి వచ్చింది. ఆనాటి పేపర్ని విలేఖరి బల్ల మీద పరిచి, ఒక వార్త మీద వేలు పెట్టింది.

"ఇది రాసింది మీరేనా?"

పొగడడానికి వచ్చిందనుకున్నాడు విలేఖరి. ఆరేళ్ళుగా పట్టణం పేజీ చూస్తున్నా, ఒక్క పాఠకురాలూ ఇలా వెతుక్కుంటూ రాలేదు. ఎప్పటికైనా రాకపోతుందా అని జేబులో దువ్వెన పెట్టుకుని తిరుగుతున్నాడు కూడా.

"నేనేనండీ. ఏదో మీలాంటి వాళ్ళ అభిమానం," అంటూ జేబులో చెయ్యి పెట్టాడు.

"మూడో వార్డుకి కొత్త మంచినీటి పైపులైన్, నిన్నటి కౌన్సిల్ సమావేశంలో ఏకగ్రీవంగా ఆమోదం," అని ఆమె పైకి చదివింది. "అంతకు ముందు ప్రతిపక్ష సభ్యుడు బల్ల గుద్ది మాట్లాడారట. కళ్ళకు కట్టినట్టు రాశారు."

"థాంక్సండీ."

"ఆయన నాలుగు రోజులుగా ఆసుపత్రిలో ఉన్నారు. మోకాలి ఆపరేషన్. ఏ బల్ల గుద్దారో కాస్త చెప్తారా?"

విలేఖరి చెయ్యి దువ్వెన మీదే ఆగిపోయింది.

"పోనీ, ఆయన్ని వదిలేయండి. నిన్న అసలు సమావేశమే జరగలేదు. కోరం లేక వాయిదా పడింది. నేను మున్సిపల్ ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్‌ని. మినిట్స్ రాసేది నేనే. నాలుగు నుంచి ఆరు దాకా ఖాళీ కుర్చీల ముందు కూర్చున్నాను. మీరు మాత్రం ఎక్కడా కనబడలేదు!"

కనబడడు మరి. పట్టణం పేజీ మధ్యాహ్నం మూడింటికల్లా ప్రెస్సుకు వెళ్ళిపోవాలి. కౌన్సిల్ సమావేశం నాలుగింటికి మొదలవుతుంది. అందుకని విలేఖరి పొద్దున్నే అజెండా కాగితం తెచ్చుకుని, జరగబోయేదాన్ని జరిగినట్టు రాసేసేవాడు. ఆరేళ్ళలో కౌన్సిల్ వారు ఒక్కసారి కూడా అతని మాట కాదనలేదు. అజెండాలో ఉన్నదంతా ఆమోదించి, టీ తాగి ఇళ్ళకు పోయేవారు. నిన్న మాత్రం సభ్యుల్లో సగం మంది ఒక పెళ్ళికి వెళ్ళారు. మిగిలిన సగం మంది ఆ పెళ్ళికి తమను పిలవలేదని అలిగి ఇంట్లో కూర్చున్నారు.

"రేపు చిన్న సవరణ వేస్తానండీ," అన్నాడు నీళ్ళు నములుతూ.

"వార్త ఎంతుందో సవరణ కూడా అంతుండాలి."

కోపంతో ఆమె ముక్కు కొస ఎర్రబడింది. తిట్లు తింటున్న సంగతి కూడా మరిచిపోయి విలేఖరి ఆ ముక్కు వంకే చూస్తూ ఉండిపోయాడు.

అయితే సవరణ రాయడానికి కలం తీసేలోపే మూడో వార్డు నుంచి పాతిక మంది చైర్మన్ ఇంటికి వెళ్ళి కృతజ్ఞతలు చెప్పేశారు. చైర్మన్ మొదట తెల్లబోయాడు. తర్వాత పేపర్ తెప్పించుకుని చదివాడు. తను పెళ్ళి భోజనం చేస్తున్న సమయంలోనే ఇంత ఘనకార్యం చేశానా అని మురిసిపోయాడు. నాలుగు నెలల్లో ఎన్నికలున్నాయి. వెంటనే ఎడిటర్‌కి ఫోన్ చేశాడు.

"సవరణా గివరణా ఏమీ వద్దు," అన్నాడు ఎడిటర్. "జరిగిందని చైర్మన్ గారే అంటుంటే మధ్యలో నీకేం నొప్పిరా?"

మర్నాడు అజెండా వంక పెట్టుకుని విలేఖరి మున్సిపల్ ఆఫీసుకు వెళ్ళాడు. అప్పటికే వాన పట్టుకుంది. వరండాలో ఆమె ఒక్కతే నిలబడి ఉంది. వానకు తడిసిన ముంగురులు నుదుటికి అంటుకుపోయి ఉన్నాయి. అవి తియ్యమని చెప్పాలనిపించింది, చెప్పేంత చనువు లేదు.

"సవరణ వేశారా?"

"ఎడిటర్ గారు ఒప్పుకోవడం లేదండీ."

"ఇక్కడ చైర్మన్ గారూ వదలడం లేదు. మీ వార్త పక్కన పెట్టుకుని మినిట్స్ రాయమన్నారు. రాయనన్నాను. మెమో ఇచ్చారు. శనివారంలోగా రాయకపోతే ప్రొబేషన్ పూర్తి చేయరట. ఉద్యోగం పోయినట్టే."

"రాసేయకూడదా మరి? ఎలాగూ మంచి పనేగా. జనానికి నీళ్ళొస్తాయి."

"ఎక్కణ్ణుంచి వస్తాయి? ఎస్టిమేట్ లేదు, టెండర్ లేదు. సమావేశం జరిగితేగా అవి కదిలేది! ఆమోదించేశామని ఎన్నికల దాకా చెప్పుకుంటారు, ఆ తర్వాత మీరూ మరిచిపోతారు, వాళ్ళూ మరిచిపోతారు." ఆమె వాన వంక చూసింది. "మా ఇల్లు మూడో వార్డులోనే. మా అమ్మ రోజూ వీధి చివర ట్యాంకర్ కోసం గంటసేపు నిలబడుతుంది. నిన్న మీ పేపర్ చదివి బిందెలు లోపల పెట్టేసింది."

ఆరేళ్ళలో తన వార్త నమ్మి ఎవరైనా ఏదైనా చేస్తారని విలేఖరికి ఎప్పుడూ తోచలేదు. ఈ అమ్మాయి ఉద్యోగం పోతే తన మొహం తను అద్దంలో చూసుకోలేడని అప్పుడే తెలిసిపోయింది. ఆమెను మళ్ళీ చూడకుండా ఉండలేడని కూడా తెలిసింది గానీ, దానికి అది సమయం కాదు.

మధ్యాహ్నం భోజనం చేసి ఎడిటర్ కుర్చీలోనే కునుకు తీసే అలవాటుంది. పేజీ ప్రెస్సుకు వెళ్ళే పావుగంట ముందు, విలేఖరి అందులో ఒక చోటు ఖాళీ చేయించాడు. వార్త ఎంత ఉందో అంతే చోటు.

"మంగళవారం కౌన్సిల్ సమావేశం జరగలేదు. జరిగినట్టు రాసింది నేను. అజెండా చూసి ముందే రాసేశాను. ఆరేళ్ళుగా ఇలాగే రాస్తున్నాను. పైపులైన్‌కి ఇంతవరకు ఎవరూ ఆమోదం తెలపలేదు. మూడో వార్డు వారు బిందెలు మళ్ళీ బయట పెట్టుకోవాలని మనవి." కింద తన పేరు.

మర్నాడు ఆఫీసు దద్దరిల్లింది. ఎడిటర్ ఉద్యోగంలోంచి తీసేసేవాడే గానీ, పదకొండింటికల్లా ఆ రోజు పేపర్ ఒక్క కాపీ కూడా మిగల్లేదని తెలిసి, కోపం సగానికి తగ్గించుకుని చిన్న ప్రకటనల విభాగంలో పడేశాడు. చైర్మన్ అయితే, మినిట్స్ రాయమని తను ఎవరినీ అడగనే లేదన్నాడు. మెమో ఫైల్లోంచి దానంతటదే మాయమైంది.

వాయిదా పడ్డ సమావేశం తర్వాతి మంగళవారం నిజంగానే జరిగింది. మూడో వార్డు ఆడవాళ్ళు హాలంతా నిండిపోయారు. ఎస్టిమేట్ ఏదని రెండు గంటలు ఊపిరాడనివ్వలేదు. చివరకు పదకొండు మంది అవునన్నారు, ఏడుగురు కాదన్నారు. పట్టణం పేజీకి వచ్చిన కొత్త విలేఖరి మాత్రం, ఏకగ్రీవంగా ఆమోదం అని రాసిచ్చి మూడింటికే ఇంటికి పోయాడు.

పాత విలేఖరి వెనక గోడకు ఆనుకుని చివరిదాకా నిలబడ్డాడు. మినిట్స్ రాస్తున్న ఆమె మధ్యమధ్య తలెత్తి అటు చూసింది. చూసిన ప్రతిసారీ అతను కిటికీ వైపు తిరిగి, లేని వానను చూశాడు.

"ఈసారి కనబడ్డారు," అంది బయటకు వస్తూ.

"రాసే పని లేదు కదండీ. అందుకే రావడానికి తీరిక దొరికింది."

ఆమె పకపకా నవ్వింది. ఆ నవ్వు కోసం చిన్న ప్రకటనల విభాగంలో జీవితాంతం ఉన్నా ఫరవాలేదనుకున్నాడు.

నెల తిరిగేసరికి ఆమె ప్రొబేషన్ పూర్తయింది. ఆ మరుసటి సోమవారం, బస్ డిపోలో టైమ్‌కీపర్‌గా పనిచేసే ఆమె తండ్రి ప్రకటనల కౌంటర్ దగ్గరికి వచ్చి, మడిచిన కాగితం ఒకటి ముందు పెట్టాడు.

"మా అమ్మాయి పంపింది. మున్సిపల్ ఆఫీసులో మినిట్స్ రాస్తుంది. నీ చేతికే ఇవ్వమంది."

పెళ్ళి ప్రకటన అయి ఉంటుంది! విలేఖరి గుండె జారిపోయింది. ఫారం ఒకటి తీసి, కాగితం విప్పాడు.

"ఆదివారం సాయంత్రం ఆరింటికి ఇంట్లో సమావేశం. హాజరు: అమ్మ, నాన్న, నేను. అంశం: ప్రకటనల విభాగంలో పనిచేసే వ్యక్తిని నేను ఇష్టపడుతున్న విషయం. నాన్న: జీతం తక్కువ. పైగా ఆరేళ్ళు అబద్ధాలు రాశాడు. నేను: పేరు పెట్టి మరీ ఒప్పుకున్నాడు. అమ్మ: మనిషి ఎలా ఉంటాడో ఒకసారి పిలిచి చూద్దాం. తీర్మానం: అబ్బాయి ఇష్టం కూడా కనుక్కుని, ఇంటికి పిలవాలి. అనుకూలం ఇద్దరు. వ్యతిరేకం నాన్న."

విలేఖరి రెండుసార్లు చదివాడు. అక్షరాలు మసకబారాయి.

"నాకు మీ అమ్మాయంటే చాలా ఇష్టమండీ. మొదటి రోజు తిట్టినప్పటి నుంచీ."

"ఆ ముక్క దానికి చెప్పుకో," అన్నాడు పెద్దాయన గోడ గడియారం వంక చూస్తూ. "ఆదివారం ఐదింటికి రా. ఐదంటే ఐదే."

"అది సరేగానీ... మీరు వ్యతిరేకించారు కదండీ. మరి మీరే వచ్చారేంటి?"

పెద్దాయన నిట్టూర్చాడు.

"తీర్మానం అయ్యాక ఎవరో ఒకరు అమలు చెయ్యాలి కదయ్యా. మా ఇంట్లో ఆ డ్యూటీ ఎప్పుడూ నాదే."