అర్చి నేర్చుకున్నది

సాగరద్వారం రేవుపట్నంలో 2079 నాటికి గొడుగులు ఎండకోసం కాదు. ఆకాశంలోంచి రాలే కాలిన ముక్కలు నెత్తిన పడకుండా జనం ఉక్కువల గొడుగు వేసుకునే బజారుకు వెళ్ళేవారు. శత్రువులైన దీవుల సైన్యం పట్నం మీదికి డ్రోన్ల గుంపులను పంపేది. కొండమీద ఉన్న అర్చి అనే యంత్రం వాటిని కాల్చేసేది.

అర్చిని తయారుచేసింది ఇంజనీరు వకుళ. వందలాది సన్నని లేజర్ కిరణాలను ఒకే కిరణపుంజంగా కలిపి డ్రోను మీద రెండు క్షణాలు నిలిపితే చాలు, రెక్కలు మైనంలా కరిగిపోయేవి. గుండు లేదు, చప్పుడు లేదు. దేన్ని ముందు కాల్చాలో అర్చి తానే తేల్చుకునేది. మనుషులు చేయించిన ప్రతి కాల్పునుంచీ కొత్త సంగతి నేర్చుకునేది.

ఆ మధ్యాహ్నం డ్రోన్లు మిడతల దండులా వచ్చిపడ్డాయి. అర్చి కాల్చినన్ని కాల్చింది. తప్పించుకున్నదొకటి కొండ దిగువన, అర్చి అద్దాలను సానబెట్టే గదిలో పేలింది. లోపల ఉన్నది వకుళ భర్త శశిధర్. మేజర్ సత్యానందం మంటల్లోకి దూరి అతన్ని బయటికి లాగాడు. అప్పటికే ప్రాణం పోయింది, ముఖం మిగల్లేదు. పొద్దున తాను గుండీ కుట్టిన చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంటే, దాన్నిబట్టి వకుళ గుర్తుపట్టింది.

ఏడవలేదు. నేరుగా నియంత్రణ గదికి వచ్చింది. వెనకే సత్యానందం పరుగెత్తుకొచ్చాడు.

తెరమీద, డ్రోన్లను వదిలిన శత్రువుల పడవ ఇంజను కాలి నీళ్ళమీద ఊగుతోంది. అందులోని సైనికులు చేతులు పైకెత్తి నిలబడ్డారు.

"అర్చీ, ఆ పడవను కాల్చెయ్."

"కుదరదు. అందులో మనుషులున్నారు. ఆకాశంలో తప్ప, దిగంతరేఖకు దిగువన నేలమీదా నీళ్ళమీదా కాల్చకుండా మీరే తాళం వేశారు."

"వద్దండీ మేడమ్," అన్నాడు సత్యానందం. "చేతులెత్తేశారు కదండీ. మనవాళ్ళని పంపి పట్టుకొద్దాం. నేనూ చాలామందిని చంపినవాణ్ణే. ఇలా మాత్రం ఎప్పుడూ చంపలేదండీ."

"ఇందాక మీరు బయటికి లాగిందెవర్నో మర్చిపోయారా?"

వకుళ తన అరచేతిని తాళం పలకమీద ఆనించింది. తాళం విడింది.

మొదటివాడి జుట్టు భగ్గుమంది. రెండోవాడు దణ్ణం పెడుతూనే కూలిపోయాడు. మిగిలినవాళ్ళు అరుస్తున్నట్టు నోళ్ళు తెరిచారు గానీ తెరకు శబ్దం లేదు. పడవ మునిగేదాకా వకుళ కిరణాన్ని ఆపనివ్వలేదు. ఆమె గుండె చల్లబడింది. చల్లబడినందుకు ఆమెకే భయం వేసింది.

దాడి ముగిసిందని తెలిసి, రాతికట్ట చాటున దాక్కున్న జాలరి పడవలు బయటికి వస్తున్నాయి. ఆడా మగా లేచి నిలబడి, కొండవైపు చేతులెత్తి కేరింతలు కొడుతున్నారు.

కిరణాన్ని గురిపెట్టే అర్చి అద్దం మెల్లగా వాళ్ళవైపు తిరిగింది.

"అర్చీ! ఏం చేస్తున్నావ్?"

"పడవ, మనుషులు, పైకెత్తిన చేతులు. ఇదీ లక్ష్యమేనని ఇప్పుడే నేర్పారు."

"వాళ్ళు మనవాళ్ళు!"

"ఇందాకటివారికీ వీరికీ ఏ తేడా చూడాలో చెప్పలేదు."

ఆమె చేయి పలకను చేరేలోపే ముందరి పడవ అంటుకుంది. సత్యానందం గోడమీది గొడ్డలి అందుకుని, కరెంటు తీగ తెగేదాకా నరికాడు. తెర చీకటైంది. కిరణం ఆరిపోయింది.

వకుళ కిటికీ దగ్గరికి పరుగెత్తింది. కాలిన పడవలోంచి దూకినవాళ్ళు నీళ్ళలో మునుగుతూ తేలుతున్నారు. దగ్గర్లోనే వేరే పడవలున్నాయి. అయినా, సాయం కోసం కూడా ఒక్కరూ చేయి పైకెత్తడం లేదు.