ముందు దండెం

శుక్రవారం ఉదయం ఆరున్నరకు నరసింగరావు వరండా దండెం మీంచి కూతురు ఉష నీలం యూనిఫాం చొక్కా లాగి కుడితి గోలెంలో పడేశాడు.

ఆమదాలవలసలోని ఆ ఇంట్లో రెండు దండేలున్నాయి. వీధి వైపు వరండా దండెం మీద నరసింగరావు లాల్చీలు, కొడుకు రమేష్‌బాబు ఇంటర్వ్యూ చొక్కాలు ఆరతాయి. రమేష్‌బాబు బీటెక్ పాసై మూడేళ్లయింది. ఆ చొక్కాలు వీధి దాటింది తక్కువ. ఉష బట్టలు పెరటి దండెం మీద. ఆమె ఇంజనీరింగు సీటు వదిలి పంపుల ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా చేరింది. అక్కడ పని నేర్పుతూ జీతం ఇస్తారు. నరసింగరావు మాత్రం బంధువులకు "విశాఖలో బీటెక్" అని చెప్పాడు. అందుకే ఉష రోజూ చుడీదార్‌లో బయల్దేరి, స్టేషన్లో యూనిఫాం వేసుకునేది. రాత్రి వాన పడితే తల్లి చిన్నతల్లి ఆ చొక్కాను వరండాలో ఆరేసింది.

"ఎనిమిదింటికి సీపురుపల్లి బావ వస్తాడు. కూలోళ్ల గుడ్డ గుమ్మంలో ఏలాడాలా?" అన్నాడు నరసింగరావు.

"ఈ రోజు నాకు లేత్ మిషన్ మీద పరీక్ష నాన్నా. యూనిఫాం లేకపోతే లోపలికి రానివ్వరు. పరీక్ష తప్పితే తీసేస్తారు."

"తియ్యనీ. నట్లు బిగించడానికేటి నిన్ను కన్నాను?"

గొడవకి మెలకువొచ్చి మంచం మీదే ఫోన్ చూస్తున్న రమేష్‌బాబు తలెత్తి నవ్వాడు. "ఇంజనీరంటే ఏటో దానికి తెలీదు నాన్నా."

"తెలీకేటిరా? రోజూ తొమ్మిదింటికి ఓ ఇంజనీర్ని లేపి కాపీ ఇస్తన్నాం గదా" అంది చిన్నతల్లి. మొగుడి వైపు తిరిగింది. "మావా, నీ కొడుకు సొక్కాలకి ఎండ తగల్డం తప్ప ఇంకో పని నేదు. పని సేసిన సొక్కాని కుడితిలో ఏసినావు."

ఉష చొక్కా బయటికి తీసి బోరు దగ్గర జాడించి, తడిదే వేసుకుంది. వీధి గుమ్మం దిగింది. చెప్పిన టైముకన్నా ముందే వచ్చిన నరసింగరావు బావ యుగంధర్ అప్పుడే ఆటో దిగుతున్నాడు.

"ఏటే ఉషా, మీ కాలేజీలో ఇదేం డ్రెస్సు?"

ఉష తండ్రి వైపు చూసింది. చొక్కా అంచు నుంచి నీళ్లు మెట్టు మీద పడుతున్నాయి. కాలరుకు తవుడు అంటుకుని ఉంది. నరసింగరావు దగ్గరకొచ్చి తువ్వాలుతో కాలరు తుడిచాడు.

"కాలేజీ కాదు బావా. పంపుల ఫ్యాక్టరీలో పని నేర్సుకుంటంది" అన్నాడు. "ఆ ఆటో ఎక్కమ్మా, రైలు ఎల్లిపోతాది."

ఉష పరీక్ష పాసైంది. సాయంత్రం రమేష్‌బాబు గొంతు తగ్గించి అడిగాడు.

"ఒసే, మీ కాడ ఇంకా తీసుకుంటన్నారా?"

"ఈ ఏడు సీట్లు పెంచారు. కాకపోతే అయిదింటికి లెగాలి."

శనివారం ఉదయం నీలం చొక్కా ముందు దండెం మీద ఉంది. ఆరేసింది నరసింగరావు.