ఆరో సీసా

కార్తీకమాసం. ఖుర్సీపార్‌లో దీపాలు పెట్టే వేళకి ఉక్కు ప్లాంటు పొగ కిందికి దిగి, వీధిలోని అగరొత్తుల వాసనతో కలిసిపోతుంది. మావారు సెకండ్ షిఫ్టుకి వెళ్లారు. ఇంట్లో నేనూ, మా మరిది శరత్ ఉన్నాం.

ఊరి చివర చెత్తగుట్ట కింద భూమిలో నీళ్లు పాడవుతున్నాయో లేదో చూసే ఒక ప్రైవేటు కంపెనీలో శరత్ ఉద్యోగం. నెలనెలా గుట్ట చుట్టూ ఉన్న అయిదు బోర్ల నీళ్లు సీసాల్లో పట్టి, ఐసుపెట్టెలో సర్ది పరీక్షకి పంపాలి. అయిదో బోరు ఓ బస్తీని ఆనుకుని ఉంది. ఆ నీళ్లు చెడ్డవని తేలితే బస్తీకి ట్యాంకరు వస్తుంది. తేలకపోతే అక్కడి పిల్లాపాపలకి చేతిపంపే గతి.

ఆ సాయంత్రం నాలుగు సీసాలే నింపుకొచ్చాడు.

"అయిదోది ఏటయ్యింది నాయనా?"

"వెళ్లలేకపోయాను వదినా. ఇవాళ ఫూల్‌మతి పదోరోజు. బస్తీ అంతా బోరు దగ్గరే కూచున్నారు. ఏ మొహం పెట్టుకుని వెళ్లను?"

ఆ బస్తీ ఫూల్‌మతి మా వీధిలో ఎర్ర తోటకూర అమ్మేది. శరత్ బోరులో నీళ్లు తోడుతుంటే తాడు పట్టేది. పైపులో నిలవున్న నీళ్లన్నీ ముందు తోడి పారబోసి, కొత్త ఊట వచ్చాకే సీసాలో పట్టాలి. అది చూసిచూసి, "పహలే బాసీ పానీ ఫేంకో భయ్యా" అని వీడికే పాఠం చెప్పేదట. కనబడ్డప్పుడల్లా ఒకటే ప్రశ్న, "పానీ కైసా ఆయా?" అని, పరీక్షలో నీళ్లెలా తేలాయని. కడుపునొప్పితో తీసుకుని తీసుకుని పోయింది.

"సీసాలు తీసుకెళ్లే బండి వచ్చేస్తుంది. మన కుళాయి నీళ్లు పట్టెయ్ వదినా. ఈ ఒక్కసారికే."

"పాపం కాదా?"

"నౌకరీ పోతే నువ్వే ఏడుస్తావు."

కలశాన్ని తోమినంత భక్తిగా సీసా మూడుసార్లు తొలిచి, తులసికి పోసే నీళ్లే పట్టాను. శరత్ మూత బిగించి సీలు వేశాడు.

కరెంటు పోయింది.

పెద్దల ఫొటోల ముందు సాయంత్రం గ్లాసుడు నీళ్లు పెట్టడం మా అత్తగారు విజయనగరం నుంచి తెచ్చిన అలవాటు. ఎవరి తిథి ఎప్పుడో అందరికీ గుర్తుచేసేది నేనే, నీళ్లు పెట్టేదీ నేనే. గ్లాసు పెట్టి, ఒత్తి వెలిగించి ఇటు తిరిగాను. ఖాళీ. మళ్లీ పోశాను. కళ్లముందే తగ్గిపోయింది. కింద చుక్క తడి లేదు.

అప్పుడు పెరటి గదిలో చప్పుడు. తాడు ఇనుముకి రాసుకున్నట్టు... గుడగుడమని ఏదో మునిగినట్టు... నీళ్లు పారబోసినట్టు. మళ్లీ తాడు.

దీపం పట్టుకుని వెళ్లాను. బిందె ఖాళీ. బకెట్లు ఖాళీ. నేల పొడిగా ఉంది. కుళ్లిన ఆకుల వాసన, తుప్పు వాసన.

"వదినా..." శరత్ నా వెనకే వచ్చాడు. "ఎవరో తోడుతున్నారు."

నాకు తెలిసిపోయింది. నిలవ నీళ్లు ముందు పారబోస్తోంది.

నారాయణా అనబోయాను. నాలుక అంగిలికి అంటుకుపోయింది. నోట్లో తడి లేదు. కళ్లలో తడి లేదు. లోపల్నుంచి కూడా తోడేస్తోంది... చేద తరవాత చేద...

పెరటి తలుపు అవతల, చాలా నెమ్మదిగా...

"దీదీ... పానీ కైసా ఆయా?"

శరత్ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "బాగుందని చెప్పెయ్. వెళ్లిపోతుంది."

బాగుందంటే వెళ్లిపోతుంది. నిజమే. రేపు ఆ బస్తీ పిల్లలు చేతిపంపు కింద దోసిళ్లు పడతారు. నేను పట్టిన సీసా సాక్ష్యం చెబుతుంది.

"దీదీ..."

"తెలీదమ్మా," అన్నాను. గొంతు చీరుకుపోయింది. "మేం చూడలేదు. అవి మా కుళాయి నీళ్లు."

తాడు ఆగింది. నా కళ్లలోంచి నీళ్లు జారాయి. కరెంటు వచ్చింది. వీధిలో బండి హారన్ మోగింది.

పరుగున వెళ్లి ఐసుపెట్టె తెరిచాను. అయిదో సీసా తీసి సీలు పీకి తూములో ఒంపేశాను. "పొద్దున్నే మనిద్దరం వెళ్దాం. వాళ్ల కాళ్లమీద పడి అయినా అసలు నీళ్లు పడదాం" అన్నాను. శరత్ తలూపాడు.

పెట్టెలో నాలుగే మిగలాలి. అయిదున్నాయి.

మేం పెట్టనిది ఒకటి. సీలు గట్టిగా ఉంది. లోపల టీ రంగు నీళ్లు, అడుగున ఎర్ర తోటకూర ఆకు ముక్క. చీటీ మీద శరత్ చేతిరాత.

"నేను రాయలేదు వదినా... ఒట్టు."

చీటీ మీద బోరు నంబరు ఉండాల్సిన చోట మా ఇంటి నంబరు. మా కుళాయికి వచ్చే నీళ్లే వీధంతా తాగుతుంది.

మళ్లీ హారన్.

పెట్టెలో దీన్నీ ఉంచుదామా అని అడగడానికి తల తిప్పాను. శరత్ అప్పటికే ఆ సీసాని వీపు వెనక దాచేసుకున్నాడు.

పెరట్లో తాడు మళ్లీ కదిలింది.