ఒక పగలు దించిన బరువు

"గనగళ్ళ ఎర్రయ్య నా నలభై ఎనిమిది సెంట్ల భూమిని నాశనం చేశాడు."

పైడిరాజు ఈ మాట అన్నాడో లేదో యంత్రం తెర మీద నీలం గీత ఒకటి లేచి పడింది.

"చాలు," అంది డాక్టర్ హిమజ. "మనసును కెలికే మాట ఒకటి చెప్పమంటే ఒక్కొక్కరు గంట మాట్లాడతారు. మీరు ఒక్క ముక్కలో తేల్చేశారు."

"ముప్పై ఏళ్ళుగా ఇదే ముక్క డాక్టరమ్మా. అరిగి నున్నగా అయిపోయింది."

ఓడ విశాఖపట్నం రేవులో ఆగి ఉంది. 2074 నాటికి చెన్నై నుంచి కోల్‌కతాకు విహార నౌకలో వెళ్ళడం రైలెక్కినంత మామూలు. దారిలో ఒక్కో రేవులో ఒక పగలు ఆగుతుంది. ఒడ్డుకు దిగే ముందు ప్రయాణికులు ఈ గదిలోకి వచ్చి, కుర్చీలో కూర్చుని, తలకు టోపీ తొడిగించుకుంటారు. యంత్రం అసలు పేరు దోషగ్రాహి. జనం మాత్రం, సామాను దాచుకున్నట్టే గదా అని, క్లోక్‌రూమ్ అంటారు.

తప్పు చేశానన్న బాధ, ఆ తప్పు తాలూకు జ్ఞాపకం మెదడులో ఒకే చోట ఉండవు. బాధ ఇన్సులా అనే మడతలో ఒక విద్యుత్ నమూనాగా ఉంటుంది. టోపీ ఆ నమూనాను చదివి, బొటనవేలంత స్ఫటికంలోకి ఎక్కించి, మెదడులో దాన్ని సాయంత్రం దాకా మూగ చేస్తుంది. జరిగింది జరిగినట్టే గుర్తుంటుంది. గుచ్చుకోవడం మాత్రం ఉండదు. ఆఫీసుకు జ్వరమని చెప్పి వచ్చినవాళ్ళూ, పిల్లల్ని పరీక్షల ముందు హాస్టల్లో దించి వచ్చినవాళ్ళూ హాయిగా తిరుగుతారు, హాయిగా ఖర్చు పెడతారు. నౌకా కంపెనీకి కావలసింది అదే. సాయంత్రం ఓడెక్కగానే ఎవరిది వాళ్ళు మళ్ళీ ఎక్కించుకు తీరాలని చట్టం. అలా ఎక్కించుకోకుండా తిరిగినవాళ్ళు తొలి ఏడాది చేసిన పనుల తరవాత పెట్టిన చట్టం అది.

పైడిరాజు వచ్చింది షికారుకు కాదు. చెన్నైలో అతనికి ఐసు ఫ్యాక్టరీ ఉంది. బావ ఎర్రయ్య మంచం పట్టాడని, ఇక లేవడని తోడబుట్టిన అప్ప కబురు పెట్టింది. ఆ మనిషి పోయేలోగా ఒక్కసారి ఎదురుగా నిలబడి కడుపునిండా తిట్టాలి. ఎన్నిసార్లు నోరు తెరిచినా గొంతులో ఏదో అడ్డం పడేది. అప్ప మీద జాలి అనుకునేవాడు. ఆ అడ్డాన్ని కాసేపు ఇక్కడ వదిలేసి వెళ్తే పని అయిపోతుంది.

"కోపం జోలికి రారు గదా?" అని అడిగాడు.

"కోపానికి మా దగ్గర యంత్రం లేదు," అంది హిమజ.

పెదజాలరిపేటలో సముద్రపు గోడ వెనక చిన్న ఫ్లాటు. తలుపు తీసింది అప్ప నూకరత్నం.

"దారి తెలిసినాదేట్రా ఇన్నాళ్ళకి? రా. మీ బావకి సెవులు పోనాయి. బతుకంతా బోటింజిను పక్కనే అయిపోనాది. ఎదురుగా కూకో, మొహం, పెదాలు సూసి మాట పోల్చుకుంటాడు."

మంచం మీద ఎర్రయ్య కళ్ళు తిప్పాడు. "ఐసుబాబు వచ్చినాడే. టీ ఎట్టు. తిట్టడానికొచ్చినాడు, గొంతు ఎండిపోద్ది."

పైడిరాజు నోరు తెరిచాడు. జేబులో తాళాలు తడుముకున్నట్టు కోపం కోసం తడుముకున్నాడు. లేదు. డాక్టరమ్మ దాన్ని ముట్టుకోలేదు కూడా. అయినా లేదు. దాని చోట ఒక రోజు మాత్రం పట్టపగల్లా కనబడుతూ ఉంది. దాన్నే చెప్పాడు.

"బావా, హార్బరు సర్వేవోళ్ళు వచ్చిన్రోజు నువ్వు సముద్రం మీద సేపల వేటలో ఉన్నావు. సగం అప్పదని నాన్న ఎప్పుడో నలుగురి ముందూ సెప్పినాడు. మొత్తం నాదేనని నాను రాయించినాను. నువ్వు తిరిగొచ్చి కేసు ఎయ్యకపోతే ఏటి సేస్తావు?"

తగువులో ఉన్న భూమికి బదులు భూమి ఇవ్వలేదు సర్కారు. హార్బరు దాన్ని కలుపుకుపోయింది. ఇద్దరికీ ఏమీ మిగలలేదు.

నూకరత్నం గ్లాసులతో గుమ్మంలోనే ఆగిపోయింది. ఎర్రయ్య బామ్మర్ది మొహంలోకి చూశాడు.

"ఈ మాట ఇనాలనే ఇన్నాళ్ళు సూసినాను," అన్నాడు. "కానీ నీ మొహంలో ఏటీ లేదేటి? సేపల రేటు సెప్పినట్టు సెప్పినావు."

"అది ఓడలో ఎట్టి వచ్చినాను బావా. సాయంత్రం ఇచ్చేస్తారు."

క్లోక్‌రూమ్ సంగతి వివరంగా చెప్పాడు. ఎర్రయ్య నవ్వబోయి దగ్గాడు. దగ్గు తగ్గాక గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

నూకరత్నం టీ గ్లాసు తమ్ముడి చేతిలో పెట్టింది. "అదొక్కటీ తెచ్చుంటే సరిపోయేది గదరా."

టీ బాగుంది. పైడిరాజు ఇంకో గ్లాసు అడిగి తాగాడు. తరవాత బీచిరోడ్డులో వంజరం చేప వేపుడు తిన్నాడు, కైలాసగిరి మీద తీగబండి ఎక్కాడు, ఎండకు ఒక టోపీ కొనుక్కున్నాడు. చక్కటి రోజు.

సాయంత్రం హిమజ స్ఫటికాన్ని యంత్రంలో పెట్టింది. "ఎక్కింది. పొద్దున చెప్పిన వాక్యమే మళ్ళీ చెప్పండి. పొద్దుటి గీతా ఇప్పటి గీతా కలిస్తే మీరు వెళ్ళిపోవచ్చు."

పైడిరాజుకు ముందుగా గుర్తొచ్చింది ఆ రెండో గ్లాసు టీ. అది అడిగినప్పుడు అప్ప మొహం. కొత్త టోపీని ఒళ్ళోంచి కిందికి తోసేశాడు.

"నన్ను ఒడ్డుకు దించండి డాక్టరమ్మా. ఒక్క అరగంట."

"నిచ్చెన తీసేశారు పైడిరాజు గారూ. తిరుగు ప్రయాణంలో ఇక్కడ ఆగుతాం గదా."

"అప్పటిదాకా ఉండడు. ఫోన్లో వినలేడు. నా మొహం ఎదురుగా చూడాలి ఆ మనిషి, ఫోను తెర మీద కాదు."

"పొద్దున చెప్పిన వాక్యం చెప్పండి," అంది యంత్రం, ఆడగొంతుతో, మర్యాదగా.

"గనగళ్ళ ఎర్రయ్య నా నలభై..."

కోపం వచ్చేసింది. పొద్దుటినుంచీ ఎక్కడా కనబడని కోపం, బాధ వెనకాలే, దాని చెయ్యి పట్టుకున్నట్టు వచ్చింది. కేసు వేసింది ఎర్రయ్యే కదా. వెయ్యకపోతే భూమి ఉండేది కదా. వాక్యం పూర్తి చేస్తే గుండె తేలికవుతుందని పైడిరాజుకు తెలుసు. ముప్పై ఏళ్ళుగా అవుతూనే ఉంది, ఏ యంత్రమూ లేకుండానే.

ఓడ కూత వేసింది. కిటికీలో సముద్రపు గోడ మెల్లగా వెనక్కి జరుగుతోంది.

"చెప్పేయండి," అంది హిమజ. "అయిపోతుంది."

అతను చెప్పలేదు. తెర మీద గీత పొద్దుటి గీతకు దూరంగా ఎక్కడో వణుకుతోంది.

"కలవడం లేదు," అందామె.

"కలవదు డాక్టరమ్మా. పొద్దున చెప్పింది కొట్టేయండి." అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. "సగం మా అప్పది. అది పోగొట్టింది నేను. నాదంటూ పోయింది ఇరవై నాలుగు సెంట్లే."