దేవునికిచ్చిన పన

కోల్డ్ రూమ్ ఇంకా పొగలు కక్కుతోంది. నంద్యాల శివారులోని ఆ విత్తన పరిశోధన కేంద్రంలోకి బైబిళ్ళ సంచి భుజాన వేసుకుని ఒకతను వచ్చాడు. చూడటానికి పుస్తకాలు అమ్ముకునేవాడు. నిజానికి సీక్రెట్ ఏజెంట్ ఫ్రాన్సిస్.

"కోడ్?" అంది శాస్త్రవేత్త సుప్రజ.

"రవ్వ."

"ఉప్మా. రండి."

బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. "డ్యూరమ్ గోధుమ. రవ్వకు, పాస్తాకు వాడే గట్టి గింజ. మన ఎండకు తాలు పోతుంది, తుప్పు తెగులుకు లొంగిపోతుంది. ఎండను ఓర్చే జన్యువు ఏ క్రోమోజోమ్ మీద ఉందో, తెగులును ఆపేది ఎక్కడుందో మ్యాప్ గీశాం. దాన్ని పట్టుకుని ఏళ్ళ తరబడి క్రాసులు చేస్తే ఆ గుణాలన్నీ ఒకే మొక్కలోకి వచ్చాయి. లైన్ సెవెన్."

"మ్యాప్ భద్రమేనా?"

"భద్రమే. కానీ మ్యాప్‌ను నాటితే మొలవదుగా! విత్తనమంతా ఈ గదిలోనే కాలిపోయింది. పొలంలో ఒక్క సాలు మిగిలి ఉండాలి. వెళ్ళి చూస్తే అదీ ఎవరో కోసుకుపోయారు."

ఫోన్ మోగింది. చీఫ్. "ఇది ఆర్కిడ్ ముఠా పని. మన విత్తనం ఎత్తుకెళ్ళి విదేశంలో పేటెంట్ చేసుకుంటారు. దక్కకపోతే తగలబెడతారు. ఆ సాలు కోసి కట్టిన పన వాళ్ళకూ దొరకలేదు, వెతుకుతున్నారు. ముఠాలో తిరిగే ఏజెంట్ సౌజన్య ఆళ్లగడ్డలో దిగింది."

"ఆమె మన మనిషా, వాళ్ళ మనిషా?"

"ఆమె పేరు మీద మా దగ్గర రెండు ఫైళ్ళున్నాయి."

ఫ్రాన్సిస్ సుప్రజ వైపు తిరిగాడు. "కోత పని ఎవరిది?"

"జయరాజుది. వాళ్ళది ఆళ్లగడ్డ. ఇవాళ ఆదివారం, పనికి రాడు."

ఆదివారం. కోతల కాలం. చర్చిలో పెరిగిన ఫ్రాన్సిస్‌కు విషయం అర్థమైంది. బైకు ఎక్కాడు.

ఆళ్లగడ్డ చర్చిలో కోత పండుగ. బలిపీఠం ముందు గుమ్మడికాయలు, అరటిగెలలు, కాళ్ళు కట్టిన కోళ్ళు. వాటి మధ్య ఒక గోధుమ పన.

"ఏంది సార్, అట్ల చూస్తాండారు?" అన్నాడు జయరాజు. "మొదటి పన దేవునిది గదా. ఈతూరి ఒక్క సాలే ఉండె, ఒక్క పనే అయింది."

"మేడమ్‌ను అడిగావా?"

"దేవునికిచ్చేదానికి మేడమ్‌ను అడగాల్నా?"

ఫ్రాన్సిస్ పన పక్కన మోకాళ్ళూనాడు. దేవునికిచ్చింది వెనక్కి తీసుకుంటే తప్పా? తీసుకోక, ఇంతమంది రైతుల నోటి దగ్గరిది పోతే, అది తప్పు కాదా?

రాలిన గింజను నాణెంతో నలిపి, వాచీ కింద దాచిన, జన్యువును గుర్తుపట్టే మార్కర్ కిట్‌లో వేశాడు. కాసేపటికి రెండు గులాబీ గీతలు తేలాయి. లైన్ సెవెన్!

అప్పుడే పెట్రోలు వాసన తగిలింది. తలుపు దగ్గర టోపీవాడు, చేతిలో వాటర్ బాటిల్. ముందు వరుసలో పట్టుచీర, నల్ల కళ్ళద్దాలు. సౌజన్య.

"గోధుమ పన! వేలం పాట ఎవురు మొదలుపెడతారప్పా?" సంఘపెద్ద జ్ఞానప్రకాశం కేక వేశాడు.

ఫ్రాన్సిస్ పాడాడు. సౌజన్య రెట్టింపు చేసింది. ఇతను పెంచాడు. ఆమె మళ్ళీ రెట్టింపు.

"ఇదేం గోధుమప్పా, బంగారం పండిందా?" అంది వెనక నుంచి కమలమ్మ. చర్చి అంతా నవ్వింది.

ఫ్రాన్సిస్ చీఫ్‌కు మెసేజ్ కొట్టాడు: డబ్బు కావాలి. జవాబు వచ్చింది: ఆదివారం. ఫైనాన్స్ సెలవు.

"ఒకటోసారి... రెండోసారి..."

టోపీవాడు బాటిల్ మూత తిప్పాడు. ఇంకొక్క మాట పాడితే పన బూడిదవుతుంది. ఫ్రాన్సిస్ చెయ్యి దించేశాడు.

"మూడోసారి!"

సౌజన్య ఫోన్‌లోనే ముఠా ఖాతా నుంచి డబ్బు కట్టేసింది. పన ఎత్తుకుంది. టోపీవాడికి సైగ చేసింది. వాడు మూత బిగించి కారు తీయడానికి వెళ్ళాడు. ఆమె తలుపు వైపు నడిచింది.

సగం దూరంలో ఆగి, వెనక్కి తిరిగింది.

"ఇది మళ్ళీ దేవునికే," అంది.

చప్పట్లు మారుమోగాయి. పాడుకున్నది తిరిగి దేవునికే ఇవ్వడం, దాన్ని మళ్ళీ వేలం వేయడం అక్కడి ఆనవాయితీ. ముఠావాళ్ళకు అది తెలియదు.

ఫ్రాన్సిస్ జేబు దులిపి పాడాడు. ఎవరో పోటీకి నోరు తెరిచారు. "ఊరుకోండప్పా! సార్ ఏందో మొక్కుకున్న్యాడు," అన్నాడు జయరాజు.

మూడోసారి అనేలోగా చప్పట్లు విన్న టోపీవాడు తిరిగి దూసుకొచ్చాడు. బాటిల్ మూత లేదు. రెండో చేతిలో లైటర్. బొటనవేలు చక్రం మీద పడింది. బైబిళ్ళ సంచి గిర్రున తిరిగి ఆ మణికట్టుకు తగిలింది. లైటర్ గుమ్మడికాయల్లో పడింది. జయరాజు వాడి వీపు మీద కూర్చున్నాడు.

సౌజన్య కళ్ళద్దాలు తీసింది. "ఇకనైనా చీఫ్‌ను ఒక ఫైలు మూసేయమనండి."

సాయంత్రానికి పన సుప్రజ చేతిలో ఉంది. మరుసటి ఏడు ఆమె పొలం చివర ఒక సాలు విడిగా వేయించి, దేవుని సాలు అని బోర్డు పెట్టింది. ముఠా సొమ్ముతో చర్చికి కొత్త పైకప్పు పడింది.

ఫ్రాన్సిస్‌కు ఫైనాన్స్ నుంచి మెమో వచ్చింది: పన కొనేముందు మూడు కొటేషన్లు ఎందుకు తీసుకోలేదు?